వాంతులు, విరేచనాలు: గ్యాస్ట్రోఎంటరైటిస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి వానలు పడి కుళాయిలో మట్టిరంగు నీళ్లు మొదలయ్యాయంటే పీహెచ్‌సీల్లో వాంతులు, విరేచనాల కేసులు పెరుగుతాయి. ఎండాకాలం పెళ్లి భోజనాల తర్వాత కూడా అంతే. ఇళ్లలో, మందుల షాపు దగ్గర, ఆస్పత్రి వరండాలో మళ్లీ మళ్లీ వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఇవి చదివాక డాక్టర్ అక్కర్లేదని కాదు. ఇంట్లోనే ఏం చేసుకోవచ్చో, ఎప్పుడు ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలో తేల్చుకోవడానికి పనికొస్తాయి.

గ్యాస్ట్రోఎంటరైటిస్ అంటే ఏంటి?

జీర్ణాశయం, పేగుల లోపలి పొర వాచి చికాకుపడటం. మన ఇళ్లలో దీన్ని వాంతులు విరేచనాలు అనో, అతిసారం అనో అంటాం. రోజుకు మూడుసార్లు, అంతకంటే ఎక్కువ పలుచగా విరేచనం అయితే దాన్ని విరేచనాల కిందే లెక్కేస్తారు. తల్లిపాలు మాత్రమే తాగే పసిబిడ్డలకు ఈ లెక్క వర్తించదు. వాళ్లు మామూలుగానే రోజుకు చాలాసార్లు పలుచగా వెళ్తారు. అలవాటు కంటే తేడాగా, బాగా నీళ్లలా వెళ్తుంటేనే పట్టించుకోవాలి.

ఎందుకు వస్తుంది?

ఎక్కువగా వైరస్‌ల వల్ల. చిన్నపిల్లల్లో రోటా వైరస్, అన్ని వయసుల వాళ్లలో నోరో వైరస్ ముఖ్యమైనవి. తర్వాత బాక్టీరియా: ఈ.కోలై, షిగెల్లా, సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్, కలరా క్రిమి. జియార్డియా, అమీబా లాంటి పరాన్నజీవులు కూడా ఉన్నాయి, కానీ వాటివల్ల వచ్చేవి తరచుగా రోజుల తరబడి లాగుతాయి.

దారి మాత్రం అన్నింటికీ దాదాపు ఒకటే. ఒకరి మలంలోని క్రిమి ఇంకొకరి నోట్లోకి చేరుతుంది. వినడానికి అసహ్యంగా ఉన్నా జరిగేది అదే. మురుగుకాలవలోంచి పోయే నీళ్ల పైపు పగిలితే నీళ్ల ద్వారా చేరుతుంది. దొడ్డికి వెళ్లొచ్చి సబ్బుతో చేతులు కడుక్కోని మనిషి పానీపూరీలో చెయ్యి పెడితే అలా చేరుతుంది. పిల్లాడి డైపర్ మార్చి అదే చేత్తో అన్నం కలిపినా అంతే. నోరో వైరస్ అయితే వాంతి తుంపర్లతో కూడా అంటుకుంటుంది. అందుకే ఇంట్లో ఒకరికి వస్తే రెండు రోజుల్లో నలుగురికీ వస్తుంది.

నిన్న హోటల్లో తిన్న బిర్యానీ వల్లే వచ్చిందా?

కావచ్చు, కాకపోవచ్చు. చివరగా తిన్నదాని మీదే అందరికీ అనుమానం. కానీ ఒక్కో క్రిమి ఒక్కో సమయం తీసుకుంటుంది. తిన్న అరగంట నుంచి ఎనిమిది గంటల్లోపు ఒక్కసారిగా వాంతులు మొదలైతే స్టాఫిలోకోకస్ అనే బాక్టీరియా ఆహారంలో ముందే తయారుచేసి పెట్టిన విషం కావచ్చు. నోరో వైరస్‌కు 12 నుంచి 48 గంటలు పడుతుంది. రోటాకు సుమారు రెండు రోజులు. కాంపైలోబాక్టర్‌కు రెండు నుంచి ఐదు రోజులు. జియార్డియాకు వారం, అంతకంటే ఎక్కువే. అంటే ఈరోజు విరేచనాలకు కారణం మొన్నటి పెళ్లి విందు కావచ్చు, పాపం నిన్నటి హోటల్‌వాడికి సంబంధమే లేకపోవచ్చు. కలిసి తిన్నవాళ్లలో ఇంకెవరికైనా వచ్చిందేమో అడగండి. ఊహించుకోవడం కంటే అది మంచి ఆధారం.

పచ్చి గుడ్డుతో చేసిన మయోనీజ్ సాల్మొనెల్లాకు బాగా తెలిసిన దారి. హైదరాబాద్‌లో కలుషిత ఆహారం తిని జబ్బుపడిన కేసులు బయటపడ్డాక తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న పచ్చి గుడ్డు మయోనీజ్‌ను ఏడాది పాటు నిషేధించింది.

మరి చద్దన్నం? అదీ మిగిలిన అన్నమే కదా.

వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా పెరుగుతుంది. అది వదిలే ఒక రకం విషం మళ్లీ వేడిచేసినా పోదు. ఫ్రైడ్ రైస్ తిన్నాక వచ్చే వాంతులకు తరచుగా ఇదే కారణం. పెరుగు కలిపి పులియబెట్టిన చద్దన్నంలో పులుపు క్రిముల్ని కొంత అదుపు చేస్తుంది. అలాగని రాత్రంతా గిన్నెలో మిగిలిన బిర్యానీకి ఆ భరోసా లేదు. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, తినేముందు పొగలు వచ్చేదాకా వేడిచేయండి.

లక్షణాలు ఎలా ఉంటాయి? ఎన్ని రోజుల్లో తగ్గుతుంది?

వికారం, వాంతులు, నీళ్ల విరేచనాలు, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, ఒక మోస్తరు జ్వరం, ఒళ్లు నొప్పులు, నీరసం. వైరస్‌దైతే సాధారణంగా వాంతులు ముందు తగ్గుతాయి, విరేచనాలు కొన్ని రోజులు సాగుతాయి. నోరో ఒకటి నుంచి మూడు రోజులు, రోటా మూడు నుంచి ఎనిమిది రోజులు.

విరేచనంలో రక్తం, జిగురు కనిపించి, ముక్కుతూ మాటిమాటికీ కొద్దికొద్దిగా వెళ్లాల్సి వస్తే అవి జిగట విరేచనాలు. వాటి కథ వేరు, డాక్టర్‌కు చూపించాల్సిందే. బియ్యం కడిగిన నీళ్లలా, ఆగకుండా ధారగా వెళ్తుంటే కలరా అనుమానించాలి. కలరా ముదిరితే ఒంట్లోంచి గంటకు లీటరు దాకా నీరు పోతుంది. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి చేతికి అందకుండా పోవచ్చు.

రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది ఈ పేజీ పరిధిలో లేని జబ్బు. పరీక్షలు కావాలి.

ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయని ఎలా తెలుస్తుంది?

అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఈ జబ్బులో ప్రాణం తీసేది చాలావరకు క్రిమి కాదు, ఒంట్లోంచి పోయిన నీరు, ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 4.4 లక్షల మంది ఐదేళ్లలోపు పిల్లలు విరేచనాల వల్ల చనిపోతున్నారు. ఎన్నిసార్లు వెళ్లాడన్నది అందరూ లెక్కపెడతారు. ఎన్నిసార్లు ఒంటికి పోశాడన్నది ఎవరూ లెక్కపెట్టరు. రెండోదే ఎక్కువ చెబుతుంది.

మొదట్లో దాహం, నోరు ఎండిపోవడం, మూత్రం ముదురు పసుపు రంగులో కొద్దిగా రావడం, చిరాకు ఉంటాయి. తర్వాత కళ్లు లోతుకు పోతాయి, నాలుక పిడచకట్టుకుపోతుంది, పిల్లాడు ఏడిస్తే కన్నీళ్లు రావు, పసిబిడ్డ మాడు లోపలికి గుంటపడుతుంది. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో మడతలా పట్టుకుని వదలండి. వెంటనే సర్దుకుంటే పర్వాలేదు, మెల్లగా సర్దుకుంటే నీరు తగ్గినట్టు. రెండు సెకన్లు దాటినా మడత అలాగే ఉంటే అది ప్రమాదం. ముసలివాళ్లలో చర్మం ఎలాగూ వదులుగా ఉంటుంది కాబట్టి వాళ్లకు ఈ పరీక్షను నమ్మలేం. వాళ్లలో మగత, తడబాటు, నిలబడితే కళ్లు తిరగడం చూడాలి.

వెంటనే ఆస్పత్రికి ఎప్పుడు వెళ్లాలి?

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి:

- మగతగా ఉండి లేపినా సరిగా లేవకపోవడం, ఫిట్స్, కాళ్లూ చేతులూ చల్లబడటం
- తాగించినా తాగలేకపోవడం, లేదా తాగిందంతా కక్కేయడం
- పసిబిడ్డ ఆరు గంటలుగా, పెద్దవాళ్లు పది పన్నెండు గంటలుగా మూత్రం పోయకపోవడం
- విరేచనంలో లేదా వాంతిలో రక్తం, నల్లటి విరేచనం
- పసిబిడ్డకు ఆకుపచ్చ వాంతి, పొట్ట ఉబ్బరం. ఇది పేగు మెలిపడటం కావచ్చు, సర్జన్ చూడాలి
- బిడ్డ ఉండుండి గుక్కపెట్టి ఏడుస్తూ కాళ్లు ముడుచుకుంటూ, ఎర్రటి జిగురులా విరేచనం వెళ్లడం
- నొప్పి బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగి అక్కడే స్థిరపడటం. అపెండిసైటిస్ కావచ్చు

మూడు నెలల్లోపు పిల్లలు, గర్భిణులు, డెబ్బై దాటినవాళ్లు, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు ఇవేవీ లేకపోయినా తొందరగానే చూపించుకోవాలి.

ఓఆర్‌ఎస్ అంత గొప్పదా? ఉప్పు, పంచదార నీళ్లే కదా!

ఈ చిన్నచూపే మన సమస్య. పేగుల్లో సోడియం, గ్లూకోజ్ రెండూ జంటగా లోపలికి వెళ్లే దారి ఒకటి ఉంది. ఆ జంట వెంట నీళ్లూ ఒంట్లోకి చేరతాయి. కలరా లాంటి జబ్బు పేగులోంచి నీళ్లు బయటకు తోసేస్తున్నప్పుడు కూడా ఈ దారి పాడవదు. ఒట్టి నీళ్లు తాగితే చాలని, ఒట్టి ఉప్పు వేస్తే చాలని అనుకోవడం ఇక్కడే తప్పవుతుంది. రెండూ సరైన పాళ్లలో ఉండాలి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షలమంది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌కు చేరారు. శిబిరాల్లో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి, ఎక్కించే చేతులూ చాలడం లేదు. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడాబైకార్బ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి, రోగుల బంధువుల చేతే తాగించారు. అప్పటికి ఇది ప్రయోగశాలల్లో, పెద్ద ఆస్పత్రుల్లో తప్ప బయట ఎవరూ నమ్మని చికిత్స. శిబిరంలో సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం కంటే తక్కువకు దిగాయి. చదువురాని తల్లి కూడా గ్లాసుతో తాగించగలిగే మందు అది. ఆయన 2022లో చనిపోయారు. మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చారు. బతికుండగా ఇచ్చి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

ఒక్క విషయం ముందే చెప్పాలి. ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపదు. పోయిన నీటిని తిరిగి నింపుతుంది, అంతే. "రెండు ప్యాకెట్లు తాగించినా మోషన్స్ ఆగలేదండీ" అని మానేసేవాళ్లు చాలామంది. అది ఆపడానికి కాదు, మనిషి నిలబడటానికి.

ఎలా కలపాలి? ఎంత తాగించాలి?

ప్యాకెట్ మీద ఎంత నీటికని రాసి ఉందో చదవండి. పెద్ద ప్యాకెట్ లీటరు నీటికి, చిన్నవి 200 మిల్లీలీటర్లకు ఉంటాయి. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపేయడం మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు. ఉప్పు ఎక్కువై, పసిబిడ్డకు ఫిట్స్ కూడా రావచ్చు. ఈరోజు సగం, రేపు సగం అని ప్యాకెట్‌ను పంచుకోవడం కూడా వద్దు, పొడిలో పాళ్లు సమంగా రావు. కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం ఒకేసారి కలిపి మూతపెట్టండి. కలిపాక మళ్లీ కాయొద్దు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. రుచికి ఇంకాస్త పంచదార వేయొద్దు.

రెండేళ్లలోపు పిల్లలకు ఒక్కో విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్లవాళ్లకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు. అంతకంటే పెద్దవాళ్లు తాగగలిగినంత. పిల్లలకు చెంచాతో, గ్లాసుతో పట్టండి. పాలసీసా వద్దు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఖరారు చేసిన పాళ్లు ఇవి: లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక ఈ అంకెలు సరిచూసుకోండి.

మందుల షాపులో అట్టపెట్టెలో తియ్యటి డ్రింక్ ఇచ్చారు. అదీ ఓఆర్‌ఎస్సేనా?

చాలావాటిలో పంచదార మరీ ఎక్కువ, ఉప్పు మరీ తక్కువ. అంత తీపి పేగులోకి వెళ్తే అది ఒంట్లోంచి నీళ్లను పేగులోకి లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్‌లోని పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఈ డ్రింకుల పేర్ల మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ప్రమాణాలకు సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ పండ్లరసాలు, గ్లూకోజ్ పొడి నీళ్లు కూడా ఓఆర్‌ఎస్‌కు సాటిరావు.

అర్ధరాత్రి ప్యాకెట్ దొరక్కపోతే?

లీటరు నీళ్లలో తలకొట్టిన టీస్పూన్లు ఆరు పంచదార, తలకొట్టిన అర టీస్పూను ఉప్పు. రుచి చూడండి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. ఉప్పు వేసిన గంజి, పలుచటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు కూడా పనికొస్తాయి. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగుంటుంది కానీ సోడియం తక్కువ, అందుకని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. తెల్లారగానే ప్యాకెట్ తెచ్చుకోండి. ఆశా వర్కర్ దగ్గర, పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు.

కడుపులో ఏమీ ఇమడటం లేదు. తాగింది తాగినట్టే కక్కేస్తున్నాడు.

దాహంతో గటగటా తాగినా వాంతి వస్తుంది. పది నిమిషాలు ఆగండి. తర్వాత ఒకటి రెండు నిమిషాలకు ఒక్కో చెంచా చొప్పున పట్టండి. విసుగొచ్చే పని, కానీ గంటలో అలా చేరేది తక్కువేం కాదు. ఇలా పట్టినా ఇమడకపోతే డాక్టర్ వాంతులు ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ మందు రాయవచ్చు. ఒక్క డోసుతోనే చాలామంది పిల్లలు మళ్లీ తాగగలుగుతారు.

సెలైన్ ఎక్కిస్తే తొందరగా తగ్గదా?

మన ఊళ్లలో సీసా ఎక్కించకపోతే వైద్యమే జరగలేదన్న భావన ఉంది. ఆర్‌ఎంపీ కూడా జనం అడిగిందే చేస్తాడు. నిజానికి తాగగలిగే మనిషికి నోటి ద్వారా ఇచ్చిన ఓఆర్‌ఎస్ సెలైన్‌తో సమానంగా పనిచేస్తుంది, సూది వాపు, ఇన్‌ఫెక్షన్ గొడవా ఉండదు. మగతలో ఉన్నవాళ్లకు, రక్తపోటు పడిపోయి షాక్‌లోకి వెళ్తున్నవాళ్లకు, ఏమీ ఇమడనివాళ్లకు మాత్రం నరం ద్వారానే ఇవ్వాలి, అదీ వేగంగా, రింగర్ లాక్టేట్ లాంటి ద్రవం. వీళ్లకు ఒట్టి గ్లూకోజ్ సీసా ఎక్కిస్తే ఉప్పు లోటు తీరదు. ఎంత ఎక్కించాలన్నది బరువును బట్టి డాక్టర్ లెక్క.

యాంటీబయాటిక్ వాడొద్దా? షాపులో రెండు మాత్రలు ఇస్తే తగ్గిపోతోందే!

వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. రెండు మాత్రలు వేసుకున్న రోజుకే జబ్బు దానంతటది తగ్గుముఖం పడుతుంది, పేరు మాత్రకు వస్తుంది. నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిపిన మాత్రలు ఇలాగే చాక్లెట్లలా అమ్ముడుపోతున్నాయి. ఫలితం ఏంటంటే, నిజంగా అవసరం పడిన రోజున ఆ మందులకు క్రిములు లొంగడం లేదు.

కలరా, రక్తంతో జిగట విరేచనాలు, తీవ్రమైన జ్వరంతో నీరసించినవాళ్లు, పసికందులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు యాంటీబయాటిక్ కావాలి. ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టర్ చెప్పాలి. కొన్ని రకాల ఈ.కోలైలో యాంటీబయాటిక్ ఇవ్వడం వల్ల కిడ్నీలు దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. షాపువాడికి అది తెలిసే అవకాశం లేదు.

మోషన్స్ ఆపే మాత్ర వేసుకోవచ్చా?

లోపెరమైడ్ పేగు కదలికను ఆపుతుంది, లోపలి క్రిమిని కాదు. జ్వరం, రక్తం లేని పెద్దవాళ్లు బస్సు ప్రయాణం తప్పనప్పుడు ఒకటి వేసుకుంటే తప్పులేదు. పిల్లలకు వద్దు. రక్త విరేచనాల్లో అసలే వద్దు.

నొప్పికని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ మింగొద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలకు చేటు. పైగా వానాకాలంలో జ్వరం, వాంతులు, కడుపునొప్పితో డెంగ్యూ కూడా మొదలవుతుంది, అప్పుడు ఈ మాత్రలు ఇంకా ప్రమాదం. జ్వరానికి పారాసెటమాల్ చాలు.

జింక్ మాత్రలు ఎందుకిస్తారు?

పిల్లల్లో విరేచనాలు తొందరగా తగ్గడానికి, వచ్చే రెండు మూడు నెలల్లో మళ్లీ రాకుండా ఉండటానికి. ఆరు నెలల్లోపు రోజుకు 10 మిల్లీగ్రాములు, తర్వాత 20, మొత్తం 14 రోజులు. విరేచనాలు మూడో రోజే తగ్గినా 14 రోజులూ వేయాలి. మాత్రను చెంచా తల్లిపాలలో గానీ, కాచిన నీళ్లలో గానీ కరిగించి పట్టొచ్చు.

మంచి బాక్టీరియా ఉండే ప్రోబయాటిక్ పొడుల మీద మాత్రం అంత నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. 2018లో అమెరికా, కెనడాల్లో పిల్లల మీద జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో వాటివల్ల ఉపయోగం కనబడలేదు. ఆ డబ్బుతో పెరుగు కొనుక్కోండి.

ఏం తినాలి? లంఖణం పరమౌషధం అంటారు కదా.

ఈ జబ్బులో కాదు, ముఖ్యంగా పిల్లల్లో అసలే కాదు. పేగు పొర మళ్లీ పుట్టుకురావడానికి తిండి కావాలి. పస్తు పెడితే పిల్లాడు బక్కచిక్కి, మరో నెలలో మళ్లీ విరేచనాలతో వస్తాడు. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపొద్దు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. పెద్ద పిల్లలకు మెత్తటి పెరుగన్నం, పెసరపప్పు కట్టు, ఇడ్లీ, సగ్గుబియ్యం జావ, అరటిపండు, ఉడికించిన బంగాళదుంప కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు. తగ్గాక రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టండి.

కొత్తావకాయ, వేపుళ్లు, కాఫీ, మద్యం కొన్నాళ్లు పక్కనపెట్టాలి. కొందరికి పేగు పొర దెబ్బతిని వారం, రెండు వారాలు పాలు పడవు. తాగిన ప్రతిసారీ ఉబ్బరం, పుల్లటి విరేచనం అయితే అన్నాళ్లూ పెరుగు, మజ్జిగతో సరిపెట్టుకోండి.

పళ్లొచ్చేటప్పుడు విరేచనాలు మామూలేనా? దిష్టి తగిలితే కూడా అవుతాయట.

పళ్లు రావడం వల్ల విరేచనాలు కావు. ఆ వయసులో బిడ్డ పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, క్రిములు అలా వెళ్తాయి. "పళ్లొస్తున్నాయిలే" అని రెండు రోజులు ఊరుకోవడమే ప్రమాదం. దిష్టి తీస్తే తీయండి, అమ్మమ్మల మనసు నొప్పించనక్కర్లేదు. కానీ ఓఆర్‌ఎస్ కలిపి పక్కన పెట్టుకున్నాకే తీయండి.

షుగర్, బీపీ మాత్రలు వాడేవాళ్లు ఏం చేయాలి?

షుగర్ ఉన్నా ఓఆర్‌ఎస్ తాగొచ్చు. లీటరులో గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఎండిపోవడం వల్ల వచ్చే నష్టం దానికంటే చాలా ఎక్కువ. ఇంట్లో మీటర్ ఉంటే చూసుకుంటూ ఉండండి. ఇన్సులిన్‌ను సొంతంగా ఆపొద్దు. మెట్‌ఫార్మిన్, పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే మాత్రలు, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు, 'ప్రిల్', 'సార్టన్' అని ముగిసే బీపీ మాత్రలు నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీకి, రక్తానికి ఇబ్బంది తేవచ్చు. అదే రోజు మీ డాక్టర్‌కు ఫోన్ చేసి ఏవి తాత్కాలికంగా ఆపాలో అడగండి. గుండె, కిడ్నీ జబ్బుకు నీళ్లు తగ్గించి తాగమని చెప్పిన వాళ్లు కూడా ఎంత తాగాలో అడిగి తెలుసుకోవాలి.

పరీక్షలు ఏవి చేయించాలి?

చాలామందికి ఏవీ అక్కర్లేదు. రక్తం పడినా, కలరా అనుమానమున్నా, వారం దాటినా మలపరీక్ష. బాగా నీరసించిన వాళ్లకు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), సోడియం, పొటాషియం. రెండు రోజుల విరేచనాలకు వైడాల్ పరీక్ష చేసి "టైఫాయిడ్ పాజిటివ్" అని వారం ఇంజక్షన్లు పొడవడం మన దగ్గర మామూలైపోయింది. ఒక్క వైడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చలేరు.

టీకా ఉందా?

రోటా వైరస్‌కు ఉంది. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో నోట్లో చుక్కలుగా వేస్తారు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980లలో ఒక బిడ్డ నుంచి సేకరించిన 116ఈ అనే వైరస్ రకంతో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ రోటావ్యాక్ తయారుచేసింది. 2016లో ప్రభుత్వ కార్యక్రమంలోకి తెచ్చిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టీకా వేసినా వేరే క్రిములతో విరేచనాలు రావచ్చు. రోటా వల్ల ఆస్పత్రిపాలయ్యే తీవ్రమైన జబ్బును అది బాగా తగ్గిస్తుంది.

ఒకే వీధిలో పదిమందికి వచ్చింది. ఏం చేయాలి?

నీళ్లను అనుమానించండి. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో ప్రాణాలు పోయినప్పుడు వేళ్లన్నీ తాగునీటి వైపే చూపించాయి. వెంటనే ఏఎన్ఎంకో, పీహెచ్‌సీకో, మున్సిపాలిటీకో చెప్పండి. వాళ్లు కుళాయి దగ్గర క్లోరిన్ చూడాలి. మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. చెప్పేవాళ్లు ఎవరో ఒకరు తొందరగా చెప్పాలి. మొదటి రెండు మూడు కేసుల దగ్గరే చెబితే పైపు మూసేస్తారు.

అప్పటిదాకా నీళ్లు కాచి తాగండి. బుడగలు పైకి తన్నుకొచ్చాక ఒక నిమిషం మరిగితే చాలు. క్లోరిన్ మాత్ర వేస్తే అరగంట ఆగాలి. టీడీఎస్ మీటర్ తక్కువ అంకె చూపించిందని ధీమా వద్దు. అది కరిగిన లవణాలను కొలుస్తుంది, క్రిములను కాదు. ఐఎస్ఐ మార్కు లేని ఇరవై లీటర్ల క్యాన్ మీద 'మినరల్' అని రాసినంత మాత్రాన అది శుభ్రం అయిపోదు.

ఇంట్లో మిగతావాళ్లకు రాకుండా?

సబ్బు, నీళ్లు. శానిటైజర్ నోరో వైరస్ మీద సరిగ్గా పనిచేయదు. రోగికి వేరే తువ్వాలు, వేరే గ్లాసు. వాంతి పడిన చోట ముందు పాత పేపర్‌తో తీసేసి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లతో తుడవండి. పిల్లల మలం ప్రమాదం లేనిదని పెరట్లో పారేయొద్దు, లెట్రిన్‌లోనే వేయాలి. రోగం తగ్గాక కూడా 48 గంటల దాకా ఆ మనిషి వంట జోలికి వెళ్లకూడదు.

అమెరికా నుంచి సెలవులకు వచ్చిన పిల్లలకు ప్రతిసారీ ఎందుకొస్తుంది?

ఇక్కడి ఈ.కోలై రకాలు వాళ్ల పేగులకు కొత్త. కాచిన నీళ్లు, వేడివేడి వంట, తొక్క తీసుకుని తినే పండ్లు. ఐస్, కోసి అమ్మే పుచ్చకాయ ముక్కలు, చట్నీల దగ్గర జాగ్రత్త. విమానం దిగేముందే ఓఆర్‌ఎస్, జింక్ సంచిలో పెట్టుకుంటే తాతయ్యగారింట్లో అర్ధరాత్రి టెన్షన్ ఉండదు. తిరిగి వెళ్లాక కూడా విరేచనాలు సాగితే అక్కడి డాక్టర్‌కు ఇండియా వెళ్లొచ్చామని తప్పకుండా చెప్పాలి.

తగ్గాక స్కూలుకి, పనికి ఎప్పుడు వెళ్లొచ్చు?

చివరి వాంతి లేదా విరేచనం అయ్యాక 48 గంటలు ఆగాలి. హోటల్, హాస్టల్ మెస్, అంగన్‌వాడీ వంటవాళ్లకు ఇది మరీ ముఖ్యం. జీతం కోస్తారని మర్నాడే వంటింట్లోకి వెళ్లేవాళ్ల బాధ అర్థమవుతుంది, ఆ రెండు రోజుల కూలి యజమాని ఇవ్వాల్సిందే. ఈత కొలనుకు మాత్రం పిల్లల్ని రెండు వారాలు పంపకండి. బాగా కనబడుతున్నా మలంలో క్రిములు ఇంకా పోతుంటాయి, క్రిప్టోస్పోరిడియం లాంటివి కొలనులో వేసే క్లోరిన్‌కు రోజుల తరబడి తట్టుకుని నిలుస్తాయి.